సొంత వ్యాపారం నుంచి ఇంటర్వ్యూ గదికి: కంపెనీకి వచ్చే అసలు అనుమానం

తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టేవాళ్లలో అప్పుడే డిగ్రీ చేతికొచ్చిన పిల్లలతో పాటు ఇంకో రకం మనుషులూ ఉంటారు. పదేళ్లో పదిహేనేళ్లో సొంతంగా ఏదో ఒకటి నడిపినవాళ్లు. బస్టాండు దగ్గర నాలుగు కార్లతో ట్రావెల్స్ నడిపినతను, బాలాజీ కాలనీలో జిరాక్స్, డీటీపీ సెంటర్ పెట్టుకున్నతను, సెల్‌ఫోన్ రిపేరు అంగడి చూసుకున్నతను, ఇంట్లోనే పిల్లలకు ట్యూషన్లు చెప్పిన ఆమె, చిత్తూరులో మామిడికాయల కమీషన్ వ్యాపారం చేసినతను. కారణాలు ఎవరివి వాళ్లవి. 2020 మార్చి 20న కొండమీద దర్శనాలు ఆగిపోయి జూన్‌లో మళ్లీ మొదలయ్యేదాకా యాత్రికుల మీద బతికే వ్యాపారాలన్నీ నిలిచిపోయాయి. ఆ దెబ్బకు చేసిన అప్పులు కొందరిని ఏళ్ల తరబడి వెంటాడాయి. కొందరికి ఆన్‌లైన్ బుకింగుల వల్ల గిరాకీ తగ్గింది. కొందరికి పిల్లల ఫీజులు పెరిగి, నెల తిరిగేసరికి కచ్చితంగా వచ్చే జీతం కావాల్సి వచ్చింది.

ఉద్యోగాలు ఇచ్చే చోట్లు కూడా ఈ ప్రాంతంలో బాగానే ఉన్నాయి. కరకంబాడిలో అమరరాజా, రేణిగుంట చుట్టుపక్కల ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలు, సత్యవేడు వైపు శ్రీసిటీ, ఇవి కాక ఆసుపత్రులు, కార్ల షోరూములు, ఫైనాన్స్ కంపెనీలు, ప్రైవేటు స్కూళ్లు, హోటళ్లు. చిక్కంతా ఇంటర్వ్యూ దగ్గరే వస్తుంది. పదేళ్లు పది మందికి జీతాలిచ్చిన మనిషి, కుర్చీకి అవతలి వైపు కూర్చోగానే తడబడతాడు. అనుభవం లేక కాదు. ఆ అనుభవాన్ని ఎవరి ముందు ఎలా పెట్టాలో తెలియక.

మన దేశంలో సొంత పని చేసుకునేవాళ్లే ఎక్కువ. కేంద్ర ప్రభుత్వ కార్మిక సర్వే 2023-24 ప్రకారం పనిచేసేవాళ్లలో 58.4 శాతం మంది స్వయం ఉపాధిలో ఉన్నారు. నెల జీతం మీద ఉన్నవాళ్లు 21.7 శాతమే. కానీ ఇంటర్వ్యూ చేసేది ఈ రెండో గుంపు. ఎంబీఏ అవగానే హెచ్‌ఆర్‌లో చేరిన అమ్మాయికి అంగడి బాడుగ, ఫైనాన్స్ కంతు, పండగ ముందు సరుకు అప్పు తేవడం లాంటివి అనుభవంలో ఉండవు. ఆమెకు తెలిసింది హోదా, జీతం స్లిప్పు, రిలీవింగ్ లెటర్ (పాత కంపెనీ ఇచ్చే విడుదల పత్రం). సొంత వ్యాపారం చేసినవాళ్ల దగ్గర ఈ మూడూ ఉండవు. అందుకని వాళ్ల రెజ్యూమె చదివేటప్పుడు ఆమెకు పట్టు దొరకదు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు అంచనా వేసుకుంటారు. "వ్యాపారంలో ఓడిపోయాడు కాబట్టే ఉద్యోగానికి వచ్చాడని అనుకుంటారేమో" అని భయపడి, ఇంటర్వ్యూ అంతా ఆ ఓటమిని కప్పిపుచ్చడానికే ఖర్చు చేస్తారు. పరిశోధనలు చెబుతున్నది వేరు. అమెరికాలో ట్రిస్టన్ బొటెల్యో, మెలొడీ చాంగ్ అనే ఇద్దరు పరిశోధకులు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఉద్యోగాలకు కల్పిత దరఖాస్తులు పంపి చూశారు. 2023లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, గతంలో సొంత సంస్థ పెట్టినవాళ్లకు మిగతావాళ్ల కంటే 43 శాతం తక్కువ పిలుపులు వచ్చాయి. అంతకన్నా గమనించాల్సింది ఇంకోటి ఉంది. సంస్థ మూతపడినవాళ్ల కంటే, సంస్థను విజయవంతంగా నడిపినవాళ్లకే పిలుపులు ఇంకా తగ్గాయి. ఓటమే అసలు అడ్డంకి అయితే ఇలా జరగకూడదు. ఒలెంకా కాస్పెర్చిక్, పీటర్ యంకిన్ చేసిన ఇంకో పరిశోధన కారణాన్ని కూడా వెతికింది. ఈ మనిషి మా పద్ధతిలో ఇముడుతాడా, ఎంతకాలం ఉంటాడు అన్న రెండు సందేహాలే కంపెనీలను వెనక్కి లాగుతున్నాయని, ఈ నష్టం ఆడవాళ్ల కంటే మగవాళ్లకు ఎక్కువగా ఉందని తేల్చింది.

అవి అమెరికా లెక్కలు, అక్కడి ఉద్యోగాలు. ఆ శాతాలను రేణిగుంటకు యథాతథంగా తెచ్చి అతికించలేం. కానీ ఆ రెండు అనుమానాలు మాత్రం ఇక్కడా అవే. "మీరు మళ్లీ అంగడి పెట్టుకుని వెళ్లిపోరు కదా?" అన్న ప్రశ్న తిరుపతి హెచ్‌ఆర్ గదుల్లోనూ వినిపిస్తుంది. కాబట్టి ఇంటర్వ్యూకు సిద్ధమవడం అంటే ఆ రెండు అనుమానాలకు రుజువులతో జవాబు తయారు చేసుకోవడమే. మిగతా సన్నాహమంతా వాటి చుట్టూ అల్లుకోవాలి.

మొదటి ప్రశ్న దగ్గరే చాలా ఇంటర్వ్యూలు పక్కదారి పడతాయి. "మీ గురించి చెప్పండి" అనగానే కొందరు వ్యాపారం ఎలా మొదలుపెట్టారో, ఎవరు మోసం చేశారో, లాక్‌డౌన్‌లో ఎంత పోయిందో పావుగంట చెబుతారు. విన్నవాళ్లకు జాలి కలుగుతుంది, నమ్మకం కలగదు. ఇంకొందరు "బిజినెస్ డల్ అయింది సార్, అందుకే వచ్చాను" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది నిజమే కావచ్చు. కానీ అందులో వదిలి వచ్చిన దాని గురించే ఉంది, రావాలనుకుంటున్న చోటు గురించి ఒక్క మాటా లేదు. జవాబులో మూడు విషయాలు ఉంటే చాలు: ఏం నడిపాను, ఎందుకు ఆపాను, ఈ ఉద్యోగమే ఎందుకు. మొదటి రెండింటికీ కలిపి అర నిమిషం, మూడోదానికి మిగతా సమయం.

ట్రావెల్స్ నడిపిన మనిషి ఒక ఫ్యాక్టరీలో ట్రాన్స్‌పోర్ట్ సూపర్‌వైజర్ పోస్టుకు వెళ్లాడనుకుందాం. అతను ఇలా చెప్పవచ్చు: "ఎనిమిదేళ్లు తిరుపతిలో బాడుగ కార్లు నడిపాను సార్. 2020లో యాత్రికులు ఆగిపోయాక రెండు కార్లు అమ్మి ఫైనాన్స్ కట్టేశాను. మిగిలిన రెండూ నిరుడు అమ్మేశాను. డ్రైవర్లకు డ్యూటీలు వేయడం, దారిలో బండి ఆగిపోతే పార్టీ ఇబ్బంది పడకుండా ఇంకో బండి పంపడం, డీజిల్ లెక్క చూడటం నేను రోజూ చేసిన పనులు. మీ దగ్గర మూడు షిఫ్టులకు బస్సులు తిరుగుతున్నాయి. అదే పని ఇక్కడ ఇంకా పెద్ద ఎత్తున ఉంటుంది కాబట్టి ఈ పోస్టుకు వచ్చాను." ఇందులో ఏడుపు లేదు, గొప్పలూ లేవు. కంపెనీలో మూడు షిఫ్టులు నడుస్తున్నాయని ముందే కనుక్కుని వచ్చాడని కూడా వినేవాళ్లకు తెలిసిపోతుంది.

"మళ్లీ వ్యాపారం పెడతారా?" అన్నదానికి "జన్మలో పెట్టను సార్" అని ఒట్టు వేస్తే ఎవరూ నమ్మరు. మాట కంటే చేసి వచ్చిన పనులు ఎక్కువ పనిచేస్తాయి. అంగడి గది ఖాళీ చేసి అడ్వాన్స్ వెనక్కి తీసుకున్నాను, జీఎస్టీ రిజిస్ట్రేషన్ రద్దుకు దరఖాస్తు పెట్టాను, బండ్ల లోన్లు ముగిసి ఎన్‌ఓసీలు (బాకీ లేదన్న పత్రాలు) వచ్చాయి అని చెప్పగలిగితే అనుమానం చాలావరకు అక్కడే తీరిపోతుంది. అంగడి మూయకుండా తమ్ముడికో భార్యకో అప్పగించి వచ్చినవాళ్లు ఆ సంగతి దాచకూడదు. ఈ ఊళ్లో దాగదు కూడా. రోజువారీ పనిలో తన పాత్ర లేదని, ఉద్యోగ వేళల్లో ఫోన్లు రావని స్పష్టంగా చెప్పాలి. ఇంకో ఉద్యోగం, వ్యాపారం చేయకూడదన్న షరతు చాలా కంపెనీల ఆఫర్ లెటర్లలో ఉంటుంది కాబట్టి సంతకం పెట్టే ముందు దాని గురించి అడిగి తేల్చుకోవడం మంచిది.

రెండో అనుమానం, ఒకరి కింద పనిచేయగలరా అన్నది, మొదటిదానికన్నా కష్టమైనది. "మీ మేనేజరు మీకన్నా పదేళ్లు చిన్నవాడైతే?" అని అడిగితే "నాకేం ప్రాబ్లం లేదు సార్" అనడం అందరూ చేసేదే. దానికి విలువ లేదు. నిజానికి సొంత వ్యాపారం చేసినవాళ్లెవరూ పూర్తిగా తమ ఇష్టప్రకారం బతకలేదు. డిస్ట్రిబ్యూటర్ టార్గెట్లు పెట్టాడు, ఫైనాన్స్ కంపెనీ తేదీలు పెట్టింది, ఆర్టీవో ఆఫీసు ఫిట్‌నెస్, పర్మిట్ నియమాలు పెట్టింది. ఒక ఫోన్ కంపెనీకి సర్వీస్ పాయింట్‌గా ఉన్న రిపేరు అంగడి అయితే, ప్రతి ఫోన్‌కూ జాబ్ షీట్ రాయాలి, ఇచ్చిన గడువులో తిరిగి ఇవ్వాలి, పాడైన పార్టు వెనక్కి పంపాలి. ఇతరులు పెట్టిన పద్ధతిని సంవత్సరాల తరబడి పాటించానని చూపించే ఇలాంటి సందర్భం ఒకటి ముందే గుర్తు చేసుకుని పెట్టుకోవాలి. అందులో తనకు నచ్చని నియమం ఒకటి ఉండి, అయినా పాటించి ఉంటే ఇంకా మంచిది.

ఈ ప్రశ్న ఇంటర్వ్యూ గదికి వెళ్లకముందే ఇంట్లో తేలాలి. పొద్దున తొమ్మిదికి వేలిముద్ర వేయడం, ఊళ్లో పెళ్లికి సెలవు అడగడం, తనకు సరైందనిపించిన నిర్ణయాన్ని పైవాళ్లు కాదంటే సరేనని ఊరుకోవడం, ఇవి రేపటి నుంచి రోజూ ఉండేవే. వీటిలో ఏది తనవల్ల కాదో నిజాయితీగా ఆలోచించుకున్నవాళ్లకే ఇంటర్వ్యూలో మాట తడబడదు. కొందరికి ఫ్యాక్టరీ షిఫ్టు కంటే సేల్స్ ఉద్యోగం, ఏరియా మేనేజరు పని నప్పుతాయి. అక్కడ తిరగడం ఉంటుంది, కొంత స్వేచ్ఛ ఉంటుంది. పోస్టు ఎంచుకునేటప్పుడే ఈ లెక్క చూసుకుంటే ఆరు నెలలకే మానేసే పరిస్థితి రాదు.

"అన్నీ నేనే చూసుకునేవాణ్ని" అన్న వాక్యాన్ని ఇంటర్వ్యూలో వాడకపోవడమే మేలు. అది నిజమే, కానీ అన్నీ అంటే వినేవాళ్లకు ఏదీ కనబడదు. ఆ "అన్నీ" విడదీసి చూడాలి. సరుకు కొనడం, అప్పులు వసూలు చేయడం, మనుషుల్ని పెట్టుకుని నిలబెట్టుకోవడం, లెక్కలు, కోపంగా వచ్చిన కస్టమర్‌ని సమాధానపరచడం, ఇవన్నీ కంపెనీల్లో వేర్వేరు శాఖలు. ఉద్యోగ ప్రకటన చదివి అందులో అడిగిన పనికి దగ్గరగా ఉన్న రెండింటిని తీసుకుని, వాటి గురించే లోతుగా చెప్పాలి. పర్చేజ్ అసిస్టెంట్ పోస్టుకు వెళ్లి కౌంటర్‌లో ఎంత బాగా మాట్లాడేవాణ్నో చెబితే లాభం లేదు. రెజ్యూమెలో కూడా ఇదే పద్ధతి. ఒక్క మనిషి అంగడికి ఎండీ, సీఈవో అని రాసుకోవడం కంటే ప్రొప్రైటర్ అని రాసి, కింద చేసిన పనులు, అంకెలు ఇవ్వడం గౌరవంగా ఉంటుంది.

అంకెలు అనగానే టర్నోవర్ చెప్పేస్తారు చాలామంది. "నెలకు ఐదు లక్షల బిజినెస్" అన్న మాట వ్యాపారుల మధ్య చెల్లుతుంది. ఇంటర్వ్యూలో పనికొచ్చేవి వేరే: ఎన్ని బండ్లు, నెలకు ఎన్ని ట్రిప్పులు, బయట ఎంత బాకీ ఉండేది, దాన్ని ఎన్ని రోజుల్లో రాబట్టారు, పనివాళ్లు సగటున ఎన్నేళ్లు ఉన్నారు. ఇవి ఎక్కడో మరుగున పడి ఉంటాయి. పాత చిట్టా పుస్తకాలు, జీఎస్టీ రిటర్నులు, ఫోన్‌పే స్టేట్‌మెంట్లు ముందేసుకుని ఒక సాయంత్రం కూర్చుంటే దొరుకుతాయి. అతిశయోక్తి మాత్రం వద్దు. "ఇది ఎలా లెక్కేశారు?" అని రెండో ప్రశ్న పడితే నిలబడని అంకె చెప్పకపోవడమే నయం.

ఇంటర్వ్యూ పద్ధతుల మీద దశాబ్దాలుగా పరిశోధనలు జరిగాయి. అందరికీ ఒకే ప్రశ్నలు వేసి, గతంలో నిజంగా జరిగిన సంఘటనలు అడిగి, ముందే అనుకున్న కొలతలతో మార్కులు వేసే ఇంటర్వ్యూలే మనిషి పనితీరును బాగా అంచనా వేస్తాయని వాటిలో పదే పదే తేలింది. అందుకే పెద్ద కంపెనీల్లో "ఒక కస్టమర్‌తో గొడవ వచ్చినప్పుడు ఏం చేశారు?", "తక్కువ టైమ్‌లో కష్టమైన పని పూర్తి చేసిన సందర్భం చెప్పండి" లాంటి ప్రశ్నలు ఎదురవుతాయి. సొంత వ్యాపారం చేసినవాళ్లకు ఇది వరం. కొత్త గ్రాడ్యుయేట్ కాలేజీ ఫెస్ట్ గురించి చెప్పుకోవాలి. వీళ్ల దగ్గర బ్రహ్మోత్సవాల రద్దీలో డ్రైవరు రాని రోజు ఉంది, పరీక్షల ముందు రోజు రాత్రి జిరాక్స్ మెషిన్ ఆగిపోయిన రోజు ఉంది, మామిడి సీజన్‌లో తోతాపురి ధర పడిపోయి రైతులకు సర్దిచెప్పాల్సి వచ్చిన రోజు ఉంది. ఇలాంటివి అయిదారు ఎంచుకుని, పరిస్థితి ఏమిటి, తాను ఏం చేశాడు, చివరికి ఏమైంది అన్న వరసలో రెండు నిమిషాలు దాటకుండా చెప్పడం సాధన చేయాలి. కాగితం మీద రాసుకుని బట్టీ పడితే అప్పజెప్పినట్టు వినిపిస్తుంది. నోటితో నాలుగైదు సార్లు వేర్వేరు మాటల్లో చెప్పి చూసుకుంటే సహజంగా వస్తుంది.

ఆ సాధన ఎవరి ముందు చేస్తారన్నదీ ముఖ్యమే. అంగడికి వచ్చే స్నేహితులు "నీకేంరా, నువ్వు ఎక్కడైనా బతుకుతావ్" అంటారు. దానివల్ల ధైర్యం వస్తుంది కానీ లోపం తెలియదు. కంపెనీలో పనిచేసే బంధువో, బ్యాంకు ఉద్యోగో, కాలేజీ లెక్చరరో ఎదురుగా కూర్చుని మధ్యలో ఆపి అడ్డు ప్రశ్నలు వేస్తే అసలు బలహీనతలు బయటపడతాయి. ఏళ్ల తరబడి కౌంటర్ వెనక నిలబడినవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది: ఎదుటివాళ్ల మాట పూర్తి కాకముందే సమాధానం చెప్పేయడం. అంగడిలో అది చురుకుదనం. ఇంటర్వ్యూలో దుడుకుతనంగా కనిపిస్తుంది. ఫోన్‌లో వీడియో తీసుకుని చూస్తే ఎవరికి వాళ్లకే తెలుస్తుంది.

ఇంగ్లీషు భయం ఇంకోటి. చాలామందికి అసలు టెన్షన్ అక్కడే. ఇక్కడివాళ్లు తమ దగ్గరున్న ఇంకో బలాన్ని మరిచిపోతారు. తిరుపతిలో అంగడి పెట్టినవాళ్లకు తమిళం, కన్నడం, హిందీ యాత్రికులే నేర్పించి ఉంటారు. చిత్తూరు, నగరి, సత్యవేడు వైపు తమిళం ఇంటి మాటంత దగ్గర. తమిళనాడు సరిహద్దులో ఉన్న శ్రీసిటీలో రెండు భాషల కార్మికులూ కలిసి పనిచేస్తారు. వాళ్లను కలుపుకుపోగల సూపర్‌వైజరు కంపెనీకి ఎంతో అవసరం. దీన్ని రెజ్యూమెలో చివరి వరసలో వదిలేయకుండా, ఆ భాషలతో ఏం పని చేశారో చెప్పాలి. ఇక ఇంగ్లీషు విషయానికొస్తే, తన గురించిన రెండు మూడు జవాబులు చిన్న వాక్యాల్లో తయారుగా ఉంచుకుని, ఏదైనా సాంకేతిక విషయం వచ్చినప్పుడు "తెలుగులో వివరించవచ్చా?" అని మర్యాదగా అడగడంలో తప్పేమీ లేదు. కంప్యూటర్ పని ఉన్న పోస్టు అయితే ఎక్సెల్ పరీక్ష పెట్టే అవకాశం ఉంది. లెక్కలన్నీ ఆడిటర్‌కు వదిలేసినవాళ్లు దానికి నెల ముందు నుంచే కూర్చోవాలి. ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) వచ్చని చెబితే ఒక ఎంట్రీ వేసి చూపించమంటారు.

జీతం దగ్గర వ్యాపారం చేసినవాళ్లు రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు. సిగ్గుపడి "మీరు ఎంత ఇస్తే అంత" అంటారు, లేదా బేరం మొదలుపెట్టి డబుల్ చెబుతారు. "లాస్ట్ డ్రాన్ శాలరీ (చివరిగా తీసుకున్న జీతం) ఎంత?" అన్న ప్రశ్నకు వీళ్ల దగ్గర సూటిగా జవాబు ఉండదు. ఐటీ రిటర్నులు చూపించమంటే ఇంకో చిక్కు. చిన్న వ్యాపారులు అంచనా ఆదాయ పద్ధతిలో, అమ్మకాల మీద 8 శాతం (బ్యాంకు ద్వారా వచ్చిన మొత్తంపై 6 శాతం) లాభంగా చూపి రిటర్ను వేయడం మామూలే. 60 లక్షల అమ్మకాల మీద 8 శాతం అంటే 4 లక్షల 80 వేలు, నెలకు 40 వేలు. నిజంగా మిగిలింది దానికంటే ఎక్కువైనా తక్కువైనా కాగితం మీద ఉండేది అదే. నోటితో నెలకు లక్ష మిగిలేదని చెప్పి, ఆ కాగితం ఇస్తే రెండింటికీ పొంతన ఉండదు. అందుకని పాత ఆదాయాన్ని పునాదిగా పెట్టుకోకుండా, ఆ పోస్టుకు ఆ ప్రాంతంలో ఎంత ఇస్తున్నారో ముందుగా కనుక్కుని, ఒక పరిధిగా చెప్పడమే సరైన దారి.

సీటీసీకి (కంపెనీ ఒక ఉద్యోగి మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు), చేతికొచ్చేదానికి తేడా కూడా ముందే తెలిసి ఉండాలి. ఏడాదికి 4 లక్షల 20 వేల సీటీసీ అంటే నెలకు 35 వేలు అనుకుంటారు. అందులో కంపెనీ కట్టే పీఎఫ్, 15,000 పరిమితి మీద 12 శాతం చొప్పున లెక్కేస్తే 1,800 రూపాయలు. బేసిక్ (మూల వేతనం) 17,500 అయితే గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే మొత్తం) కింద ఇంకో 840 దాకా పక్కన పెడతారు. ఉద్యోగి వాటా పీఎఫ్ మరో 1,800, ఆంధ్రప్రదేశ్‌లో వృత్తి పన్ను 200. చివరికి బ్యాంకులో పడేది 30 వేల పైచిలుకు. జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా) కూడా ఉంటుంది, దానికి ఉద్యోగి వాటా 0.75 శాతం. వ్యాపారంలో ఆసుపత్రి ఖర్చు మొత్తం సొంత జేబులోంచి పెట్టినవాళ్లు ఈ పీఎఫ్, ఈఎస్‌ఐ, ఇన్సూరెన్సులను కోతలుగా చూడకుండా జీతంలో భాగంగా లెక్కేసుకుంటే బేరం ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

కాగితాల సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. రిలీవింగ్ లెటర్ లేని లోటును ఉద్యమ్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, జీఎస్టీ సర్టిఫికెట్, మూడేళ్ల ఐటీ రిటర్నులు, కరెంట్ అకౌంట్ స్టేట్‌మెంట్ తీరుస్తాయి. పాత కస్టమర్‌గా ఉన్న ఒక లాడ్జి మేనేజరో, స్కూల్ కరస్పాండెంటో లెటర్‌హెడ్ మీద రెండు మాటలు రాసిస్తే అది ఇంకా బరువైన సాక్ష్యం. వెరిఫికేషన్ కోసం ఫోన్ వస్తుందని వాళ్లకు ముందే చెప్పి ఉంచాలి. వ్యాపారానికి ముందు ఎక్కడైనా ఉద్యోగం చేసి ఉంటే పాత యూఏఎన్ నంబరు (పీఎఫ్ ఖాతాలకు ఇచ్చే శాశ్వత నంబరు) వెతికి పెట్టుకోవాలి, కొత్త కంపెనీలోనూ అదే కొనసాగుతుంది. జీఎస్టీ రద్దు చేసుకున్నవాళ్లు మూడు నెలల్లోపు తుది రిటర్ను వేయాలన్నది చాలామంది మరిచిపోతారు. అది వేయలేదన్న నోటీసు కొత్త ఉద్యోగంలో చేరాక వస్తే, దానికోసం సెలవు పెట్టాల్సి వస్తుంది.

చివర్లో "ఎప్పుడు చేరగలరు?" అని అడుగుతారు. నోటీస్ పీరియడ్ లేదు కదా అని "రేపే వస్తాను సార్" అనేస్తారు చాలామంది. అంగడి ఇంకా సర్దలేదు, రావాల్సిన బాకీలు ఉన్నాయి, పనివాళ్లకు లెక్క చూడాలి. చేరిన మొదటి వారంలోనే వీటికోసం పర్మిషన్ అడిగితే, ఇంటర్వ్యూలో కష్టపడి తీర్చిన అనుమానం మళ్లీ మొదటికొస్తుంది. పదిహేను రోజులో ఇరవై రోజులో అడిగి, ఆ గడువులో అన్నీ ముగించుకుని, చెప్పిన తేదీన పది నిమిషాల ముందే గేటు దగ్గర ఉండాలి.